బొమ్మ ఎక్కడ ఆగిపోయింది? క్యాప్చర్ కార్డుతో నా అనుభవం

టీవీలో గేమ్ బ్రహ్మాండంగా నడుస్తోంది. పక్కనే కంప్యూటర్‌లో మాత్రం నల్లటి పెట్టె. ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో సోర్స్ పేరు కనిపిస్తోంది, దాని చుట్టూ ఎర్ర గీత ఉంది, లోపల ఏమీ లేదు. కింద సౌండ్ మీటర్ కూడా కదలడం లేదు. గేమ్‌ను కంప్యూటర్‌లో రికార్డ్ చేసుకోవడానికి తెచ్చిన కొత్త క్యాప్చర్ కార్డు డబ్బా విప్పి అప్పటికి గంట కూడా కాలేదు.

"పీస్ పోయినట్టుంది అన్నయ్యా, వెనక్కి పంపించెయ్" అన్నాడు మా తమ్ముడు. నాకూ అదే అనిపించింది. కానీ కార్డు బాగానే ఉంది. దీంతో కలిపి నెల తిరిగేలోపు ఇదే కార్డు మీద మూడుసార్లు బొమ్మ పోయింది. మూడుసార్లూ కారణం వేరు, మూడుసార్లూ కార్డులో లోపం లేదు. నో సిగ్నల్ అన్న రెండు మాటలు చూసి బాగున్న వస్తువును వాపసు ఇచ్చేవాళ్లు, కేబుల్ మీద కేబుల్ కొనేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ అంచు దాకా వెళ్లి వచ్చాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు కనెక్షన్ సంగతి. గేమ్ ఆడే కన్సోల్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డులో 'ఇన్' అని రాసి ఉన్న పోర్టుకు వెళ్లాలి. 'అవుట్' నుంచి ఇంకో హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి. కార్డు నుంచి యూఎస్‌బీ కేబుల్ కంప్యూటర్‌కి. అవుట్‌లో వచ్చేదాన్ని పాస్‌త్రూ అంటారు. కంప్యూటర్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆడేటప్పుడు టీవీనే చూస్తాం, రికార్డింగ్ మాత్రం యూఎస్‌బీ దారిలో జరుగుతుంది. ఇన్, అవుట్ రెండూ ఒకేలా ఉంటాయి, పైన రాసిన అక్షరాలు చిన్నవి. అటుదిటు పెడితే ఎక్కడా ఏమీ రాదు. నేను టార్చ్ వేసి చూశాను, సరిగ్గానే పెట్టాను.

ఇక ఆ సాయంత్రం చేసిన పనులు చెబుతాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ఓబీఎస్ తీసేసి మళ్లీ వేశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను, వెంటనే యూఎస్‌బీ పోర్టు మార్చాను, ఆ వెంటనే రిజల్యూషన్ మార్చాను. కంప్యూటర్ నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేశాను. రెండున్నర గంటలు గడిచాయి, నల్ల పెట్టె నల్లగానే ఉంది. పైగా ఇప్పుడు ఏది మార్చానో, ఏది మార్చలేదో నాకే గుర్తు లేదు. టెన్షన్‌లో అన్నీ కలిపి కదిలిస్తే పొరపాటున సరైనది కదిలినా తెలియదు.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన చాలాకాలంగా గేమ్ వీడియోలు చేస్తున్నారు. మర్నాడు ఆయనకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పబోతుంటే మధ్యలోనే ఆపారు.

"ముందు ఒకటి చెప్పండి. టీవీలో బొమ్మ వస్తోందా?"

"వస్తోందండీ."

"అయితే హెచ్‌డీఎంఐ కేబుళ్ల జోలికి వెళ్లకండి. బొమ్మ కార్డు దాకా వచ్చింది, కార్డు దాటి టీవీకి కూడా వెళ్లింది. ఆగింది కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్యలో. హెచ్‌డీసీపీ ఆఫ్ చేశారా?"

ఆ పేరు వినడం అదే మొదలు. కానీ హెచ్‌డీసీపీ కన్నా ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది. ఫోన్ పెట్టేసి ఒక కాగితం మీద నాలుగు పెట్టెలు గీశాను: కన్సోల్, కార్డు, టీవీ, కంప్యూటర్. మధ్యలో మూడు గీతలు. బొమ్మ ఏ గీత దాటింది, ఏ గీత దగ్గర ఆగింది అని చూస్తే వెతకాల్సిన చోటు మూడోవంతుకు తగ్గిపోతుంది. ఆ కాగితం ఇప్పటికీ టేబుల్ పక్క గోడకు అంటించే ఉంది.

హెచ్‌డీసీపీ అంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెళ్లే వీడియోకు వేసే తాళం. ఇంటెల్ తయారుచేసిన పద్ధతి ఇది. సినిమాలను మధ్యదారిలో కాపీ చేయకుండా ఉండాలని పెట్టారు. కన్సోల్ తాళం వేసి పంపిస్తుంది, టీవీ దగ్గర తాళంచెవి ఉంటుంది, అందుకే టీవీలో బొమ్మ మామూలుగా వస్తుంది. క్యాప్చర్ కార్డుకు ఆ వీడియోను విప్పి కంప్యూటర్‌కు ఇచ్చే అనుమతి లేదు. కాబట్టి యూఎస్‌బీ వైపు నల్ల తెర ఇస్తుంది. ధ్వని కూడా అదే తాళంలో ఉంటుంది. నా మీటర్ కదలకపోవడానికి అదే కారణం. అంటే కార్డు చెడిపోయి కాదు, చేయాల్సింది చేస్తూనే నల్ల తెర చూపిస్తోంది.

నాది ప్లేస్టేషన్ 5. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో హెచ్‌డీఎంఐ, అక్కడ 'ఎనేబుల్ హెచ్‌డీసీపీ' అని ఒక మీట ఉంటుంది. అది ఆఫ్ చేస్తే వీడియో యాప్‌లు పనిచేయవని ముందే హెచ్చరిస్తుంది. సరే అన్నాను. తెర ఒక్క క్షణం ఆరిపోయింది. టీవీలో తిరిగి వెలిగేసరికి, పక్కన ఓబీఎస్‌లో అదే హోమ్ స్క్రీన్! కింద సౌండ్ మీటర్‌లో పచ్చ గీత మొదటిసారి లేచింది. నేను కంట్రోలర్‌లో బటన్ నొక్కుతుంటే నొక్కినప్పుడల్లా ఆ గీత ఎగిరి పడుతోంది. ఒక ఐదు నిమిషాలు గేమ్ కూడా పెట్టకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాం ఇద్దరం.

అన్ని కన్సోళ్లకూ ఈ సమస్య ఉండదు. నింటెండో స్విచ్ గేమ్‌లకు ఈ తాళం వేయదు. కాకపోతే స్విచ్ దాని స్టాండ్ అయిన డాక్‌లో ఉన్నప్పుడే టీవీకి బొమ్మ పంపుతుంది, స్విచ్ లైట్‌కైతే టీవీకి పంపే సదుపాయమే లేదు కాబట్టి దానికి క్యాప్చర్ కార్డు కొనడం వృథా. ఎక్స్‌బాక్స్ గేమ్ నడిచేటప్పుడు తాళం వేయదు, సినిమా యాప్ తెరిస్తే వేస్తుంది. పాత ప్లేస్టేషన్ 3 మరీ మొండిది. దాని హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆఫ్ చేసే మీట లేదు. అందుకే అప్పట్లో రికార్డ్ చేసేవాళ్లు ఈ తాళం లేని పాత కాంపొనెంట్ కేబుల్ వాడేవారు. మీ దగ్గరున్న కన్సోల్ ఏదో దాన్నిబట్టి ఈ మొదటి అనుమానం ఉంచాలో తీసేయాలో తేలిపోతుంది.

పది రోజులు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఒక ఆదివారం టేబుల్ జరిపి, వైర్లన్నీ తీసి శుభ్రంగా సర్ది మళ్లీ పెట్టాను. ఓబీఎస్ తెరిస్తే నలుపు. టీవీలో బొమ్మ ఉంది. కాగితం చూశాను: మళ్లీ కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్యలోనే.

వెంటనే తమ్ముడి మీద అనుమానం వచ్చింది. ముందురోజు రాత్రి వాడు సినిమా చూశాడు, దానికోసం హెచ్‌డీసీపీ ఆన్ చేసి ఉంటాడు. "ఆన్ చేసి మర్చిపోయావురా?" అని అడిగితే, "చేశాను, చూశాక మళ్లీ ఆఫ్ చేశాను అన్నయ్యా, కావాలంటే చూసుకో" అన్నాడు. చూశాను. ఆఫ్‌లోనే ఉంది. వాణ్ని అనవసరంగా అనుమానించాను.

ఈసారి ఒక్కొక్కటే మార్చాలని గట్టిగా అనుకున్నాను. మొదట ఓబీఎస్ మూసేసి విండోస్‌లో ఉండే కెమెరా యాప్ తెరిచాను. చాలా యూఎస్‌బీ కార్డులను కంప్యూటర్ ఒక కెమెరాలాగే చూస్తుంది. అందుకే కెమెరా యాప్‌లో బొమ్మ వస్తే లోపం ఓబీఎస్ సెట్టింగ్స్‌లో ఉన్నట్టు, అక్కడా రాకపోతే అంతకన్నా ముందే ఆగినట్టు. అక్కడా రాలేదు. ఇదే కారణంగా విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా అనుమతి ఆఫ్ చేసి ఉంటే ఓబీఎస్‌లో కార్డు బొమ్మ రాదు. గేమ్ రికార్డింగ్‌కీ కెమెరా అనుమతికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకు అది ఆన్‌లోనే ఉంది.

కార్డు మీద చిన్న లైట్ వెలుగుతోంది కాబట్టి యూఎస్‌బీ బాగానే ఉందనుకుని అటువైపు చూడలేదు. ఇంకో అరగంట తర్వాత కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఒక మూల చిన్న అక్షరాల్లో యూఎస్‌బీ 2.0 అని ఉంది. నా కంప్యూటర్‌లో కార్డు పెట్టిన పోర్టు 3.0. మరి 2.0 అని ఎందుకు చూపిస్తోంది?

కేబుల్ తీసి కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. టేబుల్ సర్దేటప్పుడు కార్డు కేబుల్, ఫోన్ ఛార్జింగ్ కేబుల్ తారుమారైపోయాయి. రెండూ నలుపే, రెండింటికీ ఒకవైపు టైప్ సీ, ఇంకోవైపు పాత పలక యూఎస్‌బీ మూతి. పలక మూతిలోకి చూస్తే తేడా తెలిసింది. ఛార్జింగ్ కేబుల్ లోపల తెల్లటి ప్లాస్టిక్ నాలుక మీద నాలుగు బంగారు రంగు పట్టీలు, అంతే. పక్క సొరుగులో దొరికిన అసలు కేబుల్ లోపల నాలుక నీలం రంగు. దాని మీద అవే నాలుగు పట్టీలు, వాటి వెనక లోపలివైపు ఇంకో ఐదు చిన్న చిన్న పట్టీలు. ఆ ఐదే యూఎస్‌బీ 3.0 దారి. అవి లేని కేబుల్‌ను ఎంత మంచి పోర్టులో పెట్టినా 2.0 వేగమే వస్తుంది. కరెంటు మాత్రం మామూలుగా వెళ్తుంది, అందుకే లైట్ వెలిగింది.

వేగం తగ్గితే బొమ్మ నెమ్మదిగా రావాలి కానీ అసలు రాకపోవడమేంటి అనిపించి లెక్క వేశాను. 1080పీ అంటే ఒక్క ఫ్రేమ్‌లో 1920 ఇంటూ 1080, అంటే 20,73,600 చుక్కలు. ఓబీఎస్ లాంటి చోట్ల తరచూ కనిపించే వైయూవై2 ఫార్మాట్‌లో చుక్కకు 16 బిట్లు. సెకనుకు 60 ఫ్రేములు. అంతా గుణిస్తే సెకనుకు దాదాపు 199 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 48 కోట్ల బిట్లు, 3.0 ది 500 కోట్లు. 48లో 199 పట్టించడం కుదిరే పని కాదు. చవక కార్డులు 2.0 లోనే పనిచేస్తాయి కదా అంటే, అవి బొమ్మను లోపలే ఎంజేపీఈజీ అనే పద్ధతిలో కుదించి పంపుతాయి. నా కార్డు కుదించకుండా పంపేది, 3.0 ఉండాల్సిందే అని దాని డబ్బా మీదే రాసి ఉంది.

అసలు కేబుల్ పెట్టాను, సాఫ్ట్‌వేర్ మూలన 2.0 పోయి 3.0 వచ్చింది. అయినా ఓబీఎస్‌లో నలుపే! గుండె జారిపోయింది. కానీ ఇది చిన్నదే. కెమెరా యాప్ ఇంకా తెరిచే ఉంది, కార్డును అది పట్టుకుని కూర్చుంది. చాలా కార్డులు ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే బొమ్మ ఇస్తాయి. కెమెరా యాప్ మూసేసి, ఓబీఎస్‌లో ఆ సోర్స్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీయాక్టివేట్ నొక్కి, మళ్లీ యాక్టివేట్ నొక్కితే వచ్చేసింది. వీడియో మీటింగ్ యాప్‌లు కూడా వెనక ఉండి కార్డును కెమెరా అనుకుని పట్టేసుకుంటాయి. ఓబీఎస్‌లోనే రెండు సీన్లలో ఒకే కార్డును రెండు కొత్త సోర్సులుగా పెట్టినా ఇదే గొడవ. రెండో సీన్‌లో కొత్తది చేయకుండా 'యాడ్ ఎగ్జిస్టింగ్'తో ముందున్నదాన్నే వాడుకోవాలి.

మూడోసారి మాత్రం నిజంగా భయపడ్డాను. ఈసారి టీవీలో కూడా బొమ్మ లేదు. నో సిగ్నల్ అని టీవీ మీద రాత, ఓబీఎస్‌లో నలుపు. కన్సోల్ లైట్ తెల్లగా వెలుగుతోంది. కన్సోల్ హెచ్‌డీఎంఐ పోర్టు దెబ్బతిందేమో అన్న ఆలోచన రాగానే చేతులు చల్లబడ్డాయి.

కాగితం ప్రకారం రెండు దారుల్లోనూ బొమ్మ లేదంటే ఆగింది కార్డు దగ్గర గానీ అంతకన్నా ముందు గానీ. తేల్చుకోవడానికి కార్డును మధ్యలోంచి తీసేసి కన్సోల్‌ను నేరుగా టీవీకి పెట్టాను. బొమ్మ వచ్చింది! కన్సోల్ బాగుంది, టీవీ బాగుంది. అదే కేబుల్‌ను తిరిగి కార్డుకు పెడితే పోయింది. కార్డు తర్వాత ఉన్న రెండో కేబుల్‌నూ నేరుగా పెట్టి చూశాను, అదీ బాగానే ఉంది. అంటే కన్సోల్ పంపుతున్నదేదో కార్డు అందుకోలేకపోతోంది.

తమ్ముణ్ని అడిగాను, ఈసారి మెల్లగా. ముందురోజు వాడు కార్డు తీసేసి నేరుగా టీవీకి పెట్టి ఆడాడు. "స్మూత్‌గా వస్తుందని స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఒకట్రెండు ఆన్ చేశాను అన్నయ్యా" అన్నాడు. వాడు ఆన్ చేసినవి రెండు: సెకనుకు 120 ఫ్రేములు పంపే 120 హెర్ట్జ్ అవుట్‌పుట్, వీఆర్ఆర్. వీఆర్ఆర్ అంటే గేమ్ ఫ్రేములు ఎంత వేగంగా తయారైతే టీవీ కూడా అంతే వేగంగా తన తెరను మార్చుకునే పద్ధతి. హెచ్‌డీఎంఐ 2.1 తో వచ్చిన సదుపాయం ఇది, ప్లేస్టేషన్ 5కి 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది. నా కార్డు హెచ్‌డీఎంఐ 2.0 తరానిది, దానికి వీఆర్ఆర్ తెలియదు.

అలాంటప్పుడు కన్సోల్ దానికి వీఆర్ఆర్ ఎందుకు పంపింది? దీనికి జవాబు వెతుక్కుంటే చాలా సంగతులు అర్థమయ్యాయి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ ఒకవైపే వెళ్తుంది, కానీ అంతకుముందు అటూ ఇటూ మాటలు నడుస్తాయి. కేబుల్‌లోని 19 పిన్నుల్లో 19వది 'ఇక్కడ ఒక తెర ఉంది' అని కన్సోల్‌కు తెలియజేస్తుంది. ఆ తర్వాత తెర తాను ఏయే రిజల్యూషన్లు, ఏయే వేగాలు చూపించగలదో చెప్పే ఒక చిన్న జాబితా ఇస్తుంది. దాని పేరు ఈడీఐడీ. 128 బైట్ల చొప్పున ముక్కలుగా ఉండే ఆ చిన్న జాబితా చదివే కన్సోల్ ఏం పంపాలో నిర్ణయించుకుంటుంది. కార్డు మధ్యలో ఉన్నప్పుడు ఎవరి జాబితా చూపించాలన్నది కార్డు ఇష్టం. నా కార్డు సాఫ్ట్‌వేర్‌లో దానికో ఆప్షన్ ఉంది, నేను ఎప్పుడో తెలియక దాన్ని 'డిస్‌ప్లే' అని పెట్టాను. అంటే టీవీ జాబితానే యథాతథంగా కన్సోల్‌కు చూపిస్తోంది. కన్సోల్ అది చదివి, ఎదురుగా ఉన్నది వీఆర్ఆర్ తెలిసిన టీవీయే అనుకుని నిశ్చింతగా పంపేసింది. మధ్యలో కార్డుకు అది అర్థం కాలేదు. ఎవరూ తప్పు చేయలేదు, మధ్యవర్తి మాట ఒకటి మోసుకొచ్చి, పని ఇంకోటి చేయాల్సి వచ్చింది.

కన్సోల్ నేరుగా టీవీకి పెట్టి, సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియో, అందులో వీడియో అవుట్‌పుట్‌కు వెళ్లి మొదట 120 హెర్ట్జ్ ఒక్కటే ఆఫ్ చేశాను. కార్డు పెట్టి చూశాను, రాలేదు. మళ్లీ తీసి, ఈసారి వీఆర్ఆర్ ఆఫ్ చేసి కార్డు పెట్టాను. రెండు సెకన్లు నో సిగ్నల్, ఆ తర్వాత టీవీలో బొమ్మ, వెనకే ఓబీఎస్‌లో బొమ్మ. వైర్లు పీకడం, పెట్టడం విసుగే, కానీ ఒక్కొక్కటే మార్చినందువల్ల దోషి వీఆర్ఆర్ అని ఖాయంగా తెలిసింది. తర్వాత కార్డులో ఈడీఐడీని 'ఇంటర్నల్'కి మార్చాను. ఇప్పుడు కార్డు తన జాబితానే చూపిస్తుంది, తనకు చేతకానిది కన్సోల్ పంపదు. 120 హెర్ట్జ్ కూడా ఆఫ్‌లోనే ఉంచాను. హెచ్‌డీఎంఐ 2.0 లో సెకనుకు 18 గిగాబిట్లే పడతాయి, 4కేలో 120 కావాలంటే 48 దాకా మోయగల 2.1 కార్డు ఉండాలి.

ఇలా తెరే రాని స్థితిలో నేరుగా పెట్టినా టీవీలో బొమ్మ రాకపోతే ప్లేస్టేషన్ 5లో సేఫ్ మోడ్ ఉంది. కన్సోల్ ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే వెంటనే ఒక బీప్, దాదాపు ఏడు సెకన్లకు రెండో బీప్ వస్తుంది. అప్పుడు వదలాలి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలపాలి, వైర్ లేకుండా పనిచేయదు. అక్కడ వీడియో అవుట్‌పుట్ మార్చుకోవచ్చు. నాకు ఆ అవసరం రాలేదు.

వీఆర్ఆర్ ఆఫ్ చేసినందుకు తమ్ముడికి కాస్త బాధగానే ఉంది, వాడి కంటికి ఆ తేడా తెలుస్తోంది. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం. రికార్డింగ్ లేని రోజు కార్డు తీసేసి వాడు నేరుగా టీవీకి పెట్టుకుని వీఆర్ఆర్ ఆన్ చేసుకుంటాడు. కార్డు తిరిగి పెట్టే ముందు ఆఫ్ చేస్తాడు. కార్డు యూఎస్‌బీ కేబుల్ రెండు చివర్లకూ నీలం టేపు చుట్టాను, ఫోన్ ఛార్జింగ్‌కి ఇక ఎవరూ దాన్ని తీయరు. మొన్న రాత్రి పక్క గదిలోంచి వాడి కేక వినిపించింది.

"అన్నయ్యా, ఓబీఎస్‌లో బొమ్మ లేదు!"

"టీవీలో ఉందా?"

కాసేపు మాటలేదు. తర్వాత, "ఉంది... ఆగు ఆగు, సినిమా చూసి హెచ్‌డీసీపీ అలాగే వదిలేశాను."